ఆరు చుట్ల గుడ్డ

ఈమె కథ రాస్తానని అడిగినప్పుడు, పేరు మారుస్తానని కూడా చెప్పినాను. మారిసెల్వి ఒప్పుకోలేదు. "వద్దమ్మా. దాచి దాచి అలిసిపోయినాను. నా పేరే రాయండి. మా వదిన పేరు కూడా రాయండి. తిడితే నేను పడతాను" అనింది. అందుకని ఇద్దరి పేర్లూ ఉన్నవి ఉన్నట్టే పెడుతున్నాను.

ఆమెను మొదట చూసింది పోయిన ఏడాది ఆడి నెలలో, అంటే జూలై చివర, ఒక మంగళవారం మధ్యాన్నం. రాజపాళయంలో పాత బస్టాండుకు పోయే దారిలో ఒక కళ్ళద్దాల అంగడి ఉంది. దాని మేడ మీది గదిలో శరణ్య ఆడవాళ్ళకు వ్యాయామం చెప్తుంది. శరణ్య మా ఊరి మిల్లు వాళ్ళింటి పిల్ల. కోయంబత్తూరులో ఫిజియోథెరపీ చదివింది. కాన్పుల తర్వాత గర్భసంచి జారినవాళ్ళకు, దగ్గినా తుమ్మినా బట్ట తడిసేవాళ్ళకు పిలాటీస్ అనే వ్యాయామంతో బాగు చేసే పని అక్కడే నేర్చుకుని వచ్చింది. ఆ గదికి వచ్చేవాళ్ళెవరూ ఎందుకొచ్చినామో మెట్ల మీద ఒకరికొకరు చెప్పుకోరు. నడుం నొప్పి అంటారు. నేనూ చానాళ్ళు అట్లే చెప్పినాను.

ఆ రోజు ఒక కొత్తామె వచ్చి తలుపు దగ్గరే నిలబడింది. యాభై దాటినట్టుంది. చేతిలో పసుపు గుడ్డసంచి, జుట్టులో సన్నని నూలు పీచు. శరణ్య మూడు నీలం మ్యాట్లు పరిచి పెట్టింది. కొత్తామె తన మ్యాటును మెల్లిగా చుట్టి, గోడకు ఆనించి, వట్టి నేల మీద పడుకుంది.

"అక్కా, మ్యాటు మీద పడుకోండి. నేల చల్లగా ఉంటుంది" అనింది శరణ్య.

"పరవాల్లేదు డాక్టరమ్మా. నాకు వట్టి నేలే అలవాటు."

అలవాటు కాదని నాకు తెలుసు. మ్యాటు తడుస్తుందేమోనని భయం. మొదటి నెలంతా నేను నా కింద తువ్వాలు పరుచుకుని, చెమట ఎక్కువని చెప్పిన మనిషిని. శరణ్యకూ తెలిసినట్టే ఉంది. తన మ్యాటు కూడా చుట్టేసి, ఆమె పక్కన నేల మీదే కూర్చుంది.

మారిసెల్వి సత్రపట్టిలో బ్యాండేజీ గుడ్డ నేసే షెడ్డులో పనిచేస్తుంది. మగ్గాన్ని అక్కడ తరి అంటారు. ముప్పై ఏళ్ళకు పైగా తరి ముందు నిలబడే పని. తెగిన పోగు అతకాలి, నిండిన గుడ్డచుట్టను దించి భుజాన వేసుకుని అవతల పెట్టాలి. మొగుడు చెల్లయ్య కూడా అదే షెడ్డులో తరులకు రిపేరు చేస్తాడు. ముగ్గురు బిడ్డలు, ముగ్గురికీ పెండ్లిళ్ళయినాయి.

గవర్మెంటాస్పత్రిలో లేడీ డాక్టరు చూసి, గర్భసంచి సగం దాకా జారింది, ఆపరేషన్‌కు ఇప్పుడే తొందర లేదు, ముందు ఆరు నెలలు వ్యాయామం చేసి చూడు అని శరణ్య పేరు రాసి ఇచ్చిందంట. పదకొండేండ్లుగా ఈ బాధను దాచుకున్నదానివి ఉన్నట్టుండి ఆస్పత్రికి ఎందుకు పోయినావని అడిగినాను.

"నా మనవరాలమ్మా. ఏడేండ్ల పిల్ల. 'అవ్వా, నీకు కుమ్మి ఆట బాగా వచ్చునంట గదా, చూపించు' అనింది. లేచి రెండు చప్పట్లు కొట్టేసరికే లోపలికి పరిగెత్తినాను. మళ్ళా బయటికొచ్చి పిల్లకు ఏం చెప్పాలో తెలియలా. మర్నాడు పొద్దున్నే పోయినా."

మంగళవారం, శుక్రవారం, మూడు గంటలకు మా పాఠం. అయినాక ఇద్దరం కళ్ళద్దాల అంగడి ముందు నిలబడి, ఆడవాళ్ళకు టికెట్టు లేని టౌన్ బస్సు కోసం చూసేవాళ్ళం. ఆ తావునే ఆమె కొంచెం కొంచెంగా మిగతాది చెప్పింది.

మారిసెల్వి పుట్టింది సేత్తూరులో. సత్రపట్టి చెల్లయ్యకు ఇచ్చినారు. అదే ముహూర్తానికి చెల్లయ్య చెల్లెలు అళగును మారిసెల్వి అన్నకు చేసుకున్నారు. పిల్లను ఇచ్చి పిల్లను తెచ్చుకునే ఈ కుండమార్పు పెండ్లిళ్ళు మా పక్క మామూలే. ఒక ఇంట్లో చిన్న మాట వస్తే రెండిండ్లలోనూ పొయ్యి వెలగదు. వీళ్ళిద్దరికీ మాత్రం చానా ఏండ్లు అట్ల జరగలేదు. ఒకరికొకరు వదినలు.

"ఆమెకు నేను ఆడబిడ్డ, నాకు ఆమె ఆడబిడ్డ. ఎవరు ఎవర్ని సాధించాలమ్మా? సమానం అయిపాయె" అని నవ్వింది. నవ్వు మొదలుపెట్టిన వెంటనే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆపేసింది. నవ్వును కూడా కొలిచి నవ్వే మనిషి.

పంగుని నెలలో, మార్చి ఎండలు ముదిరేటప్పుడు, సత్రపట్టి మారియమ్మకు పొంగలి పండగ. ఎనిమిది రోజుల ముందు మట్టి చట్లలో నవధాన్యాలు చల్లి, చీకటింట్లో మూసిపెట్టి నీళ్ళు పోస్తారు. ఎండ తగలని మొలకలు పాలిపోయిన పసుపు రంగులో జానెడు పొడుగు లేస్తాయి. వాటినే ముళైప్పారి అంటారు. ఆ ఎనిమిది సాయంత్రాలూ ఆ ఇంటి ముందర ఆడవాళ్ళు కుమ్మి కొడతారు. గుండ్రంగా తిరుగుతూ, వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట. ఒకరు పాట ఎత్తుకుంటే ఇంకొకరు జవాబు చెప్పాలి. సత్రపట్టిలో పాట ఎత్తేది మారిసెల్వి, జవాబు అళగు. సేత్తూరు పొంగలికి ఇదే తిరగబడుతుంది. అక్కడ ఎత్తేది అళగు, జవాబు మారిసెల్వి. పెండ్లయిన నాటి నుంచి రెండు ఊర్లకూ వీళ్ళిద్దరే.

చీకటింట్లో పుట్టినావు మొలకమ్మా
చెప్పకుండా పెరిగినావు మొలకమ్మా

అని మారిసెల్వి ఎత్తుకుంటే, అళగు ఆ పూట నోటికొచ్చింది కట్టి విసిరేది.

నీళ్ళు పోసె మా వదినె మొలకమ్మా
సగం తానె తాగినాది మొలకమ్మా

వలయమంతా నవ్వుల్లో చప్పట తప్పేది. "అట్లాంటి జవాబు కోసమే పాట ఎత్తేదాన్నమ్మా" అనింది మారిసెల్వి, బస్సు వచ్చే దిక్కు చూస్తూ.

పదకొండేండ్ల కిందట, ఆరో సాయంత్రం, వంగి చప్పట కొట్టి లేచేటప్పుడు లోపల ఏదో జారినట్టయ్యింది. కాళ్ళ మీదికి తడి. ముదురు రంగు చీర కాబట్టి ఎవరికీ కనబడలేదు. తల తిరుగుతా ఉందని చెప్పి ఇంటికి పోయింది. ఆ ఏడు మళ్ళా రాలేదు. మరుసటి ఏడు అళగు ఇంటికే వచ్చింది.

"రా వదినా. ఎత్తేవాళ్ళు లేక పిల్లలు గొర్రెల మాదిరి అరుస్తా ఉండారు."

"మోకాలు నొప్పి."

"నిన్న తరి కాడ ఎనిమిది గంటలు నిలబడిన మోకాలా?"

"నాకిష్టం లేదు. పో."

అళగు గడపలో కొంచెంసేపు నిలబడింది. "సరి. నీకోసమే సేత్తూరు నుంచి వచ్చినాను. ఇష్టం లేదంటివి" అని వెళ్ళిపోయింది. ఆ తర్వాత ప్రతి ఏడూ పుట్టినూరి పొంగలికి వస్తూనే ఉంది గానీ అన్న ఇంటి గడప తొక్కలేదు. మారిసెల్వి సేత్తూరుకు పోవడం మానుకుంది. రెండు బస్సులు మారాలి, మధ్యలో రోడ్డు బాగుండదు. "ఒక గుంత చాలమ్మా" అనింది. పెండ్లిళ్ళలో, చావుల్లో చూసుకునేవాళ్ళు. తిన్నావా, తిన్నాను. అంతే మాట.

"ఆ రోజే ఒక మాట చెప్పి ఉంటే పోయేది గదా" అన్నాను.

"ఎట్ల చెప్పేదమ్మా? ఆమె మొగుడు నా అన్న. ఆమెకు తెలిస్తే నా అన్నకు తెలుస్తాది. అన్నకు తెలిస్తే మా ఆయనకు తెలుస్తాది. కుండమార్పులో ఏ మాటా ఒక ఇంట్లో నిలవదు. కుమ్మి పోతే పోయింది అనుకున్నా. కుమ్మి పోతే వదిన కూడా పోతాదని ఆ పొద్దు తోచలా."

మూడో పాఠమో నాలుగో పాఠమో, శరణ్య ఊపిరి ఎంత లోతుకు పోతుందో చూడడానికి ఆమె పక్కటెముకల కింద చేయి పెట్టి ఆగిపోయింది.

"అక్కా, చీర కింద ఏముంది? చెక్క మాదిరి గట్టిగా ఉంది."

"ఏముంది, గుడ్డ."

తెర వెనక్కి పోయి విప్పుకుని వచ్చింది. వాళ్ళ షెడ్డులో నేసే బ్యాండేజీ గుడ్డే. మూరెడు వెడల్పు, ఉతికి ఉతికి మెత్తబడింది, అంచులు పీచు లేచినాయి. మడతలు విప్పుతుంటే వస్తూనే ఉంది. ఆరు చుట్లంట.

"మా షెడ్డులో ఆడవాళ్ళందరం కడతాము డాక్టరమ్మా. కాన్పు అయితే కడుపు జారకుండా కట్టేది మా అమ్మల కాలం నుంచీ ఉండాది. వేరే ఊర్లో పాత చీర చింపుకుంటారు. మాకు గుడ్డకు కరువా?" అని కొంచెం గర్వంగానే చెప్పింది. "వాళ్ళు నలభై రోజులు కట్టి విప్పేస్తారు. నేను విప్పలా. జారేకొద్దీ బిగించినాను. మొదట మూడు చుట్లే."

 శరణ్య లేచి తన సంచిలోంచి ఇడ్లీ పిండి ప్యాకెట్టు తీసింది, ఇంటికని కొనుక్కుని పెట్టుకుంది. దాన్ని నిలువుగా పట్టుకుని, "ఇది మీ కడుపు అనుకోండి అక్కా" అంటూ నడిమిన రెండు చేతులతో బిగించింది. పిండి పైకి కొంచెం పోయింది. మిగతాదంతా కిందికి దిగి, ప్యాకెట్టు అడుగు పగిలేటట్టు ఉబ్బింది.

మారిసెల్వి ఆ ఉబ్బిన అడుగును వేలితో ముట్టి చూసింది.

"అంటే, ఎత్తి పట్టుకుంటా ఉండానని అనుకుని నేనే కిందికి తోసుకుంటినా?"

"ఇదొక్కటే కాదక్కా. మూడు కాన్పులు, ముప్పై ఏళ్ళు నిలబడే పని, ఊపిరి బిగబట్టి బరువు ఎత్తడం, అన్నీ కలిసినాయి. మీ తప్పు కాదు. మీకు చెప్పినవాళ్ళు లేరు."

మారిసెల్వి ఆ గుడ్డను ఒళ్ళో పెట్టుకుని మడత పెట్టసాగింది. షెడ్డులో మడత పెట్టే మడతే. అంచుకు అంచు, వేలితో రుద్ది. పూర్తయినాక దాని మీద చేయి పెట్టుకుని కూర్చుంది. ఆ రోజు ఇంకే వ్యాయామమూ చేయలేదు. బస్సు కోసం నిలబడినప్పుడు ఒక్క మాటే అనింది. "ప్రతి పొద్దూ దేవునికి దణ్ణం పెట్టుకున్నట్టు కట్టుకున్నానమ్మా."

చెప్పే పద్ధతి చూస్తే చానా సులువు. మోకాళ్ళు మడిచి వెల్లకిలా పడుకోవాలి. ఊపిరి తీసుకుంటే పక్కటెముకలు పక్కలకు విచ్చుకోవాలి. వదిలేటప్పుడు, ఆ వదిలే ఊపిరితో పాటు, మూత్రం ఆపుకునే తావును లోపలికీ పైకీ మెల్లిగా లాగాలి. తర్వాత పూర్తిగా వదిలేయాలి. వదలడం కూడా పనే అని శరణ్య పదే పదే చెప్తుంది. అది పట్టుబడినాక మోకాళ్ళ నడుమ చిన్న బంతి పెట్టుకుని నొక్కడం, నడుమును ఒక్కొక్క పూసగా నేల మీది నుంచి ఎత్తడం, ఒక కాలు జార్చి మళ్ళీ తెచ్చుకోవడం.

మారిసెల్వికి మొదటిదే పట్టుబడలేదు. లాగమంటే ఊపిరి బిగబట్టేది. ఎత్తమంటే బిగబట్టేది. ముప్పై ఏళ్ళు గుడ్డచుట్టలు అట్లే ఎత్తింది మరి. బిగబట్టిన ప్రతిసారీ లోపలి బరువు కిందికే పోతుంది. రెండు నెలలు అట్లే గడిచినాయి. "నా ఒళ్ళు మొండిది డాక్టరమ్మా, వదిలేయండి" అనింది ఒకసారి.

శరణ్య వదల్లేదు. "ఆ గుడ్డ తెండి" అనింది.

ఉతికి తెచ్చిన గుడ్డలో ఒక బారెడు ముక్క కత్తిరించి, ఆమె పక్కటెముకల చుట్టూ వదులుగా తిప్పి, రెండు కొసలూ ఆమె చేతికే ఇచ్చింది. "ఊపిరి తీస్తే గుడ్డ పక్కలకు నిండాలి. వదిలితే మెల్లిగా వదులు కావాలి. మీరు లాగొద్దు. సుమ్మా, ఊరికే పట్టుకోండి, అది చెప్తుంది."

ఐప్పసి నెల, దీపావళి రోజులు. బయట వాన. మేము ముగ్గురం కళ్ళు మూసుకుని ఉన్నాము. పక్కన సన్నగా రాగం వినబడింది. మారిసెల్వి గుడ్డ కొసలు పట్టుకుని, నోరు సగం తెరిచి, చీకటింట్లో పుట్టినావు మొలకమ్మా అని తనలో తాను పాడుకుంటా ఉంది. శరణ్య లేచి వచ్చి ఆమె పక్కటెముకల మీద చేయి పెట్టింది.

"అక్కా, ఆపొద్దు. పాడండి. గట్టిగా పాడండి."

"ఇక్కడా? కింద కళ్ళద్దాలాయనకు వినబడదూ?"

"వింటే విననీ."

పాడింది. పాట సాగినంతసేపూ ఊపిరి బయటికి పోతా ఉంది. ఆ పోయే ఊపిరితో పాటు నడుము నేల మీది నుంచి పూసపూసగా లేచింది. బిగబట్టలేదు. పాడేవాళ్ళు బిగబట్టలేరు.

"అదే అక్కా, అదే!" అని శరణ్య చప్పట్లు కొట్టింది.

మారిసెల్వి నడుము దించి, పాటలో తన వంతు రెండు పాదాలూ పాడి, ఆగింది. జవాబు రావలసిన తావు అది. మాకెవరికీ ఆ జవాబు రాదు. కొంచెంసేపు వాన చప్పుడు విని, మళ్ళీ తనే మొదటి పాదం ఎత్తుకుంది.

ఇంట్లో పొద్దున పొయ్యి వెలిగించే ముందు చాప పరుచుకుని చేసేది. చెల్లయ్య లేచి చూసి, "ఏందే, ముసలితనంలో బంతాట?" అన్నాడంట. "నీకేం తెలుసు? తరికి గ్రీజు పూసుకునేవాడివి, పోయి పూసుకో" అనిందంట ఈమె. తర్వాత ఒక రోజు అదే చాప మీద కూర్చుని అతనికి అంతా చెప్పింది.  మర్నాడు షెడ్డులో అతను ఆమె తరి నుంచి దిగిన చుట్టను వచ్చి తన భుజాన వేసుకుని పోయినాడు. ఆ మర్నాడూ అంతే. షెడ్డంతా కూతలు. "చెల్లయ్యకు కొత్త పెండ్లాం వచ్చినట్టుండాదే!" అని. "పాతదే, రిపేరు చేసినాము" అన్నాడంట. ఈ మాట మాకు చెప్పేటప్పుడు మారిసెల్వి కొంగు అడ్డం పెట్టుకోకుండా నవ్వింది. ఆ సంగతి ఆమె గమనించలేదు గానీ నేను గమనించినాను.

అంతా నయమైందని రాస్తే అబద్ధం. సాయంత్రమయ్యేసరికి కింద బరువు ఉండేది, ఇప్పుడూ ఉంది. డాక్టరు చూసి, జారింది జారినట్టే ఉంది, పట్టు మాత్రం బాగా వచ్చింది, ఆపరేషన్ మాట తర్వాత చూద్దాం అనింది. దగ్గితే తడవదు. బస్సు గుంతలో పడితే భయం లేదు. తై నెలలో, సంక్రాంతి అయినాక, ఒక రోజు చూస్తే మారిసెల్వి నీలం మ్యాటు మీద పడుకుని ఉంది. ఎప్పటి నుంచి పడుకుంటా ఉందో మాకెవరికీ గుర్తులేదు.

"పంగునికి కుమ్మి కొట్టొచ్చా డాక్టరమ్మా?" అని ఆ రోజే అడిగింది.

"దూకొద్దు. లోతుగా వంగొద్దు. పాడుతూనే వంగండి. గుడ్డ కట్టొద్దు."

అన్నకు ఫోను చేసి, ఈ ఏడు సత్రపట్టిలో పాట నేను ఎత్తుతాను, వదినకు చెప్పు అనింది. అన్న చెప్పినాడో లేదో తెలియదు.

కుమ్మి ఆరో రోజు నన్ను రమ్మన్నది. ఐదు గంటలకు బస్సు దిగినాను. ముళైప్పారి ఇంటి ముందర వీధి ఊడ్చి నీళ్ళు చల్లినారు. ఇరవై మంది దాకా ఆడవాళ్ళు, సగం బడి పిల్లలు. మారిసెల్వి పచ్చ సుంగుడి చీర కట్టుకుని నడిమిన నిలబడి ఉంది గానీ కళ్ళు వీధి అంతా వెదుకుతా ఉన్నాయి. ఎదురుగా పంచాయతీ టీవీ గది. టీవీ ఎప్పుడో పోయింది, మెట్లు మాత్రం కూర్చోవడానికి మిగిలినాయి. ఆ మెట్టు మీద బక్కపలచని మనిషి ఒకామె, వక్కాకు నములుతూ. చెల్లయ్య పోలికే. అదే అళగు అని ఎవరూ చెప్పనక్కరలేదు.

అళగు ఇటు చూసింది. లేవలేదు.

"రోషం ఇంకా తగ్గలా" అని నా పక్కన ఎవరో అన్నారు.

మారిసెల్వి పాట ఎత్తింది. వలయం కదిలింది. చిన్నగా వంగి ఒక చప్పట, లేచి ఒక చప్పట. పిల్లలు ఎత్తుగడ పాదాలనే తిరిగి అరిచినారు, జవాబు వాళ్ళకు రాదు. ఒక చుట్టు అయింది, రెండు చుట్లు. ఇంకో పాట. నేను ఆమె ముఖమే చూస్తా ఉన్నాను. ఏమీ జరగలేదు. పదకొండేండ్లు కోరుకున్న వలయంలో మారిసెల్వి తడవకుండా తిరుగుతా ఉంది. అయినా ప్రతి పాటలోనూ జవాబు తావున ఆమె తల టీవీ గది దిక్కుకు తిరిగేది.

మూడో పాటలో దుమ్ము లేచింది. అళగుకు దగ్గు వచ్చింది. దగ్గు రాకముందే ఆమె ఒక తొడ మీదికి ఇంకో తొడ మెలేసి, కుచ్చిళ్ళు పిడికిట్లో పట్టుకుని, ఒళ్ళంతా బిగించింది. తర్వాత దగ్గింది.

శరణ్య గదికి పోయిన ఎవరికైనా అది తెలుస్తుంది. మారిసెల్వి చప్పట కొట్టబోయే చేతులతో అట్లే నిలబడిపోయింది. వెనక వచ్చే పిల్ల ఆమెకు గుద్దుకుని, "ఏంది అవ్వా, బ్రేకు వేస్తివి?" అనింది. మారిసెల్వి వలయం లోంచి బయటికి వచ్చి, నేరుగా పోయి మెట్టు మీద అళగు పక్కన కూర్చుంది. నేను రెండు బారల దూరంలో ఉన్నాను.

"ఎందుకొచ్చినావు? పో, కొట్టుకో నీ కుమ్మి. పదకొండేండ్లకు ఇష్టమొచ్చిందే మహారాణికి."

"ఎన్నేండ్లుగా వదినా?"

"ఏంది ఎన్నేండ్లుగా?"

"దగ్గే ముందర కాలు మెలేస్తివి."

అళగు నమలడం ఆపింది.

"నాకూ అదే వదినా" అనింది మారిసెల్వి. "ఆ ఏడు ఆరో రోజు, ఇక్కడే, ఈ వీధిలోనే. చీర తడిసింది. నీకు చెప్తే మా అన్నకు తెలుస్తాదని, ఇష్టం లేదని నోటికొచ్చింది అనేస్తిని."

 అళగు వక్కాకు ఉమిసి, మూతి తుడుచుకుని, "నాలుగేండ్లు" అనింది. "నీకు చెప్తే మా అన్నకు తెలుస్తాదని నేనూ..."

"మనకు అన్నలే శత్రువులు."

ఇద్దరికీ ఒకేసారి నవ్వు వచ్చింది. నవ్వు వచ్చిందో లేదో ఇద్దరూ ఒకేసారి కాళ్ళు మెలేసినారు. మారిసెల్వికి ఇప్పుడు ఆ అవసరం లేదు. పాత అలవాటు. నవ్వుతూనే ఆమె అళగు కడుపు మీద చేయి వేసి, చటుక్కున తీసేసింది.

"ఏం కడితివి?"

"మీ షెడ్డు గుడ్డే. పోయిన పొంగలికి తీసుకపోయినా. ఎనిమిది చుట్లు."

"విప్పు."

"నడివీధిలోనా? పిచ్చి పట్టిందా నీకు?"

"మంగళవారం రాజపాళయం రా వదినా. అక్కడ ఒక పిల్ల ఉండాది, మిల్లు వాళ్ళమ్మాయి."

"నలుగురిలో పడుకుని కాళ్ళెత్తేది నావల్ల కాదు. నీ బంతాట సంగతి సేత్తూరు దాకా తెలుసులే. మా అన్న చెప్పినాడు."

"చెప్పేసినాడా?"

"కుండమార్పు గదా."

వలయంలో పిల్లలు గోల పెట్టినారు. అవ్వా, పాట, పాట. మారిసెల్వి లేవలేదు. అళగు ఆమె భుజం పట్టి తోసింది. "పో. పోయి తిరుగు. జవాబు ఇక్కణ్ణించి చెప్తా. లేచేది మాత్రం లేదు."

మారిసెల్వి పోయి ఎత్తుకుంది. చీకటింట్లో పుట్టినావు మొలకమ్మా. మెట్టు మీది నుంచి, గట్టిగా తీస్తే ఏమవుతుందోనని సగం గొంతుతో, అళగు జవాబు చెప్పింది. వలయం ఇటుపక్కకు వచ్చినప్పుడు ఆ గొంతు వినబడేది. అటుపక్కకు పోతే చప్పట్లలో కలిసిపోయేది. వినబడని తావున కూడా మారిసెల్వి నోరు మూసుకుని, జవాబు ఎంతసేపు పడుతుందో అంతసేపూ ఆగి, తర్వాతే మళ్ళా పాట ఎత్తుకునేది. పిల్లలు ముందుకు తోసినా తొందరపడలేదు. లైట్లు వేసేదాకా అట్లే తిరిగింది.

పోయేటప్పుడు అళగు నన్ను చూసి, "ఆ మేడ ఏ స్టాపింగ్‌లోనమ్మా?" అని అడిగింది. చెప్పినాను. "సుమ్మా అడిగినాలే" అనింది.

ఇది చిత్రై నెల, పొంగలి అయి నెల కావస్తా ఉంది. సేత్తూరు బస్సు రెండు నలభైకి వస్తుంది. మంగళవారం ఆ వేళకు మారిసెల్వి మెట్ల పైన నిలబడి రోడ్డు చూస్తుంది. మూడు మంగళవారాలు అయినాయి. అళగు ఇంకా రాలేదు. శరణ్య మూడు మ్యాట్లు పరిస్తే, మారిసెల్వి గోడ మూల నుంచి నాలుగోది తీసుకొచ్చి తన పక్కన పరుస్తుంది. దాని మీద ఉతికి మడత పెట్టిన గుడ్డ ఒక బారెడు ముక్క పెడుతుంది. అంచుకు అంచు, వేలితో రుద్ది. తర్వాత పడుకుని, ఊపిరి తీసుకుని, పాట ఎత్తుకుంటుంది.